ఇంటా బయటా: మాటలు రాని వారి వకాల్తా

మన ఇళ్ళలో బిడ్డకు రెండేళ్ళు నిండినా మాటలు రాలేదంటే ముందుగా వసకొమ్ము బయటికి వస్తుంది. సానమీద అరగదీసి నాలుకకు రాస్తారు. దానితో పని జరగకపోతే మేనమామ పోలిక అంటారు. "వాడికీ నాలుగేళ్ళదాకా నోరు పెగలలేదమ్మా, ఇప్పుడు చూడు, కోర్టులో ఎట్లా వాదిస్తున్నాడో" అని పెద్దవారు ధైర్యం చెబుతారు. మగపిల్లవాడు గదా, ఆలస్యమే అని ఇంకొకరు. ఇక మనవంటి ఇళ్ళలో, అనగా గడప లోపల తెలుగూ, గడప దాటితే కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో వినిపించే ఇళ్ళలో, మరొక సలహా కూడా వస్తుంది. "రెండు భాషల నడుమ పసివాడు తికమక పడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేయండి" అని. ఈ చివరి సలహా సంగతి తరువాత చెబుతాను.

పెద్దల మాటను తీసిపారవేయవలసిన పని లేదు. ఆలస్యంగా నోరు విప్పే పిల్లలలో చాలామందికి తరువాత మాటలు చక్కగానే వస్తాయి. చిక్కు ఎక్కడంటే, మన బిడ్డ ఆ చాలామందిలో ఒకడా, లేక చెవి వినిపించకనో మరే కారణంచేతనో వెనుకబడినవాడా అన్నది వసకొమ్ముకూ తెలియదు, మేనమామకూ తెలియదు. చూచి చెప్పగలవారు స్పీచ్ థెరపిస్టులు, చెవి పరీక్షించే ఆడియాలజిస్టులు. చూపవలసిన కాలం మొదటి మూడేళ్ళు. చూపాలంటే ఊరిలో వారు ఉండాలి, ఉండాలంటే జీతం ఉండాలి, జీతానికి సర్కారు పద్దులో ఒక అంకె ఉండాలి. ఆ అంకె కోసం మాటలు నేర్పే వారే శాసనసభల మెట్లెక్కిన కథ ఒకటి అమెరికాలో జరిగింది, నేటికీ జరుగుతున్నది. మన కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడ బిడ్డల్ని పెంచుకొంటున్నారు కనుక అది పూర్తిగా పరాయి కథ కాదు.

ముందు ఒక స్త్రీని గురించి చెప్పాలి. డెన్వరు నగరంలో మేరియన్ డౌన్స్ అనే ఆడియాలజిస్టు 1960ల తొలినాళ్ళలో ఒక పని మొదలుపెట్టింది. ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన పసికందుల దగ్గర పెద్ద చప్పుడు చేయించి, బిడ్డ ఉలిక్కిపడిందా, రెప్ప కదిపిందా అని చూచి రాసుకోవడం. ఈ రీతిగా 17,000 మంది శిశువులను పరీక్షించిన నివేదిక 1969లో అచ్చయింది. ఆ ఏడే, ఆవిడ పట్టుదల మీద, శిశువుల వినికిడిని గురించి ఆలోచించడానికి పలు వైద్య సంఘాల ఉమ్మడి కమిటీ ఒకటి ఏర్పడింది. చిత్రమేమంటే, 1971లో ఆ కమిటీయే "ఈ పద్ధతి ఇంకా గట్టిపడలేదు, శిశువులందరికీ పెట్టమని చెప్పలేము" అన్నది. ఆవిడ పని మానలేదు. చప్పుళ్ళ బదులు, నిద్రపోయే బిడ్డ చెవిని కొద్ది నిమిషాలలో పరీక్షించే యంత్రాలు వచ్చాయి. 1993లో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిపించిన నిపుణుల సభ, ప్రతి శిశువుకూ మూడు నెలల లోపుగా పరీక్ష జరగాలన్నది. ఆరు నెలల లోపుగా చెవుడు కనిపెట్టి సాయం మొదలుపెట్టిన పిల్లలకు, ఆలస్యంగా కనిపెట్టిన పిల్లలకన్న భాష బాగా వచ్చిందని 1998లో కొలరాడో పరిశోధకులు లెక్కలతో చూపించారు. 2000లో ఫెడరల్ చట్టం వచ్చి రాష్ట్రాలకు డబ్బు ఇవ్వసాగింది. అంతకుముందు ఆ సంపన్న దేశంలో కూడా పుట్టుచెవుడు బయటపడేసరికి సగటున రెండున్నరేళ్ళు పట్టేది. నేడు నూటికి తొంబైయైదుగురికి పైగా శిశువులకు పుట్టిన కొద్ది రోజులకే పరీక్ష జరుగుతున్నది. మేరియన్ డౌన్స్ నిండు నూరేళ్ళు బ్రతికి, ఇదంతా కళ్ళారా చూచి, 2014లో కన్నుమూసింది.

చెవి సంగతి ఇది. చెవి బాగుండీ మాట రాని పిల్లల మాటేమిటి? వారి కోసం వేరే చట్టం ఉన్నది. 1975లో అధ్యక్షుడు ఫోర్డు సంతకం చేసిన చట్టం, వైకల్యం ఉన్న పిల్లలకు బడిలో ఉచితంగా తగిన చదువు చెప్పాలన్నది. బడి అనేసరికి బడి ఈడు వచ్చిన పిల్లలు గదా. రెండేళ్ళవాడు తల్లి ఒడిలో ఉంటాడు, వానికి బడి ఏది? 1986లో ఆ చట్టాన్ని సవరించి, పుట్టిన నాటినుండి మూడో పుట్టినరోజు వరకు పిల్లలకు సాయమందించే భాగాన్ని చేర్చారు. సెనేటులో దానిని నడిపించినవారిలో ముఖ్యుడు కనెక్టికట్ రాష్ట్రపు లోవెల్ వైకర్. ఆయన కుమారునికి డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే లోపం ఉండేది. ఇల్లు నేర్పిన పాఠం సభలోకి వచ్చింది. ఆ భాగాన్నే నేడు అక్కడి తల్లిదండ్రులు పార్ట్ సి అంటారు.

దాని ఏర్పాటు చక్కనిది. బిడ్డ పేరు అందిన 45 రోజులలో పరీక్షలు ముగించి, ఇంటివారిని కూర్చోబెట్టుకొని, ఆ కుటుంబానికని ఒక పథకం రాయాలి. బిడ్డను ఆస్పత్రికి తిప్పడం కాక, వీలైనంతవరకు థెరపిస్టే ఇంటికి వచ్చి, తల్లికి దగ్గరుండి నేర్పాలి. బువ్వ తినిపించేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు మాట ఎట్లా రప్పించాలో తల్లి నేర్చుకొంటే వారంలో ఒక గంట కాదు, వారమంతా వైద్యమే గదా.

మరి డబ్బో? తొలి ఏడు కేంద్రం 5 కోట్ల డాలర్లు విడుదల చేసింది. 2022లో అది 50 కోట్లకు కొద్దిగా తక్కువ. 2023, 2024 ఆర్థిక సంవత్సరాలలో 54 కోట్లు. పెద్ద అంకెగా తోస్తుంది. కాని సాయం పొందే పిల్లలు 4 లక్షలకు పైబడి ఉన్నారు. పంచి చూడండి, తలకు ఏడాదికి పన్నెండు, పదమూడు వందల డాలర్లు. ఆ దేశపు ధరలలో అది ఎన్నాళ్ళు వస్తుంది? మిగిలినది రాష్ట్రాలూ, ఇన్సూరెన్సులూ, కొన్నిచోట్ల తల్లిదండ్రులూ పెట్టుకోవాలి. పెద్ద పిల్లల కోసం 1975లో కేంద్రం భరిస్తానన్న నూటికి 40 వంతు అయితే నేటి వరకూ ఒక్క ఏడూ పూర్తిగా ఇవ్వలేదు. నేడు ఇస్తున్నది అందులో సగం కూడా కాదు. చట్టం చేయడం పెళ్ళి చేయడం వంటిది, పద్దు రాయడం కాపురం నడపడం వంటిది అనిపిస్తుంది ఇది చూస్తే.

అందుకే థెరపిస్టుల పోరాటం 1986తో ముగియలేదు, ఏటేటా ఉన్నది. న్యూయార్కు రాష్ట్రం సంగతి చూడండి. 2010లో అక్కడి ప్రభుత్వం, ఇంటికి వెళ్ళి చేసే వైద్యానికి ఇచ్చే రేటును నూటికి 10 వంతు కోసింది. 2011లో అందరికీ మరొక 5 వంతు. ఫలితం ఊహించవచ్చును. బస్సెక్కి, మంచులో నడిచి, నాలుగో అంతస్తు ఎక్కి ఒక గంట పనిచేస్తే గిట్టనప్పుడు, ఆ థెరపిస్టు ఆస్పత్రి ఉద్యోగమో బడి ఉద్యోగమో చూచుకొంటుంది. చట్టం ప్రకారం బిడ్డకు హక్కు ఉంటుంది, తలుపు తట్టే మనిషి ఉండదు. ఆ రాష్ట్రపు ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. గవర్నరు జనవరిలో పద్దు పెడతాడు. ఆ నడిమి నెలలలోనే థెరపిస్టులూ తల్లిదండ్రులూ రాజధాని ఆల్బనీకి వెళ్ళి సభ్యులను కలుస్తారు. 2019లో 5 వంతు తిరిగి వచ్చింది. 2024లో మరొక 5, పల్లెటూళ్ళకు ఇంకొక 4. పద్నాలుగేళ్ళు అడిగితే పోయినదానిలో కొంత వచ్చినదన్నమాట!

కేంద్రంలో అడిగే పని వారి సంఘానిది. 1925లో పుట్టిన ఆ సంఘంలో నేడు రెండు లక్షల మందికి పైగా ఉన్నారు. వాషింగ్టను దగ్గర కార్యాలయం పెట్టుకొని, పద్దుల ఉపసంఘంలో ఎవరున్నారు, ఏ బిల్లు ఎక్కడున్నది అని కనిపెట్టుకొని ఉంటారు. సభ్యుడు తన నియోజకవర్గపు ఓటరు మాటే వింటాడు కనుక, ఊరూరా ఉన్న థెరపిస్టుల చేతనే అక్కడి సభ్యునికి ఉత్తరం రాయిస్తారు.

ఇందులో వారి జీతాల సంగతి కూడా ఉన్నది గదా అని ఎవరైనా అనవచ్చును. ఉన్నది. దాచుకోవలసినదేమీ లేదు, థెరపిస్టు కడుపు నిండితేనే బిడ్డ నోరు కదులుతుంది. నాకు నచ్చనిది వేరొకటి. శాసనసభ్యుల దగ్గర "ఇప్పుడు ఒక డాలరు పెట్టండి, రేపు ఏడు డాలర్లు మిగులుతుంది" అనే లెక్క తరచుగా వినిపిస్తారు. ఇటువంటి లెక్కలకు మూలమైన ప్రసిద్ధ పరిశీలన 1960లలో మిషిగన్‌లో జరిగింది. అది బీద కుటుంబాలలోని మూడు నాలుగేళ్ళ పిల్లలతో నడిపిన శిశు పాఠశాలను గురించినది. మాటల వైద్యాన్ని గురించినది కాదు. ఒకచోటి లెక్క మరొకచోట అతికిస్తే, తెలిసినవాడు అడిగిననాడు అసలు మాటకే విలువ పోతుంది. పైగా బిడ్డ ఏమైనా చీటీపాటా, ఎంత కట్టితే ఎంత వస్తుందని చూడడానికి? అమ్మా అని పిలిపించుకోవాలనే తల్లి కోరికకు వడ్డీ లెక్క కట్టనక్కరలేదు.

ఇప్పుడు తెలుగు మానేయమన్న సలహా దగ్గరకు వద్దాము. ఆ అమెరికా చట్టంలోనే ఒక నిబంధన ఉన్నది. తల్లిదండ్రులకు చెప్పవలసినది వారు మాట్లాడే భాషలో చెప్పాలి, బిడ్డను పరీక్షించడం బిడ్డ భాషలో చేయాలి. బొత్తిగా వీలుకాకపోతేనే మినహాయింపు. డల్లాసులో ఉన్న తెలుగు తల్లి తన బిడ్డ కోసం తెలుగు దుబాసీని అడగవచ్చును. రెండు భాషలు వినడంవల్ల మాట ఆలస్యం కాదని ఆ థెరపిస్టుల సంఘం స్పష్టంగా చెబుతున్నది. ఇంట్లో తెలుగు ఆపివేస్తే ఏమవుతుంది? అమ్మమ్మ నోరు మూతపడుతుంది, తల్లి రాని భాషలో పొడిపొడిగా నాలుగు మాటలు అంటుంది. అసలే తక్కువ వింటున్న బిడ్డ ఇంకా తక్కువ వింటాడు. షోలాపురంలో, బెంగుళూరులో, బరంపురంలో మూడు తరాలు రెండు మూడు భాషలతో పెరిగిన మనకు ఇది ఒకరు చెప్పాలా అంటారా? చెప్పాలి. నేడు ఇంగ్లీషు కూడా వచ్చి కూర్చున్నది కనుక, తెలుగునే ముందు బయటికి పంపుతున్నాము.

మన దేశంలో ఏర్పాట్లు లేకపోలేదు. మైసూరులో 1965లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వపు వాక్కు, వినికిడి సంస్థ ఉన్నది. దానిని ఎరుగని మైసూరు తెలుగువారు ఉండరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడి పిల్లలను ఒకసారి చూడాలి. చెవుడూ, మాటల ఆలస్యమూ ఆ జాబితాలో ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లలను పంపడానికి జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం, అందులో ఒక స్పీచ్ థెరపిస్టు ఉండాలని నిబంధన. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాటకు, భాషకు సంబంధించిన లోపాన్ని కూడా వైకల్యాలలో చేర్చింది. పిల్లలందరినీ ఏడాదికొకసారి పరీక్షించాలన్నది. కాని ఆ చట్టంలోనే, పునరావాసపు సేవలను చెప్పే 27వ సెక్షనులో, ప్రభుత్వాలు "తమ ఆర్థిక శక్తి మేరకు" చేయవలెనని ఒక చిన్న మాట ఉన్నది. ఆ మాట దగ్గరే అడిగేవారు కావాలి. ఎంతవరకు శక్తి ఉన్నదో పద్దు రాసేవారికి ఎవరూ చెప్పకపోతే వారికి తోచినంతే శక్తి.

ఈ కార్యక్రమపు ఖర్చులో కర్ణాటక, తమిళనాడు, ఒడిషా, మహారాష్ట్రలలో కేంద్రం 60 వంతు, రాష్ట్రం 40 వంతు భరిస్తాయి. ఏమి కావాలో రాష్ట్రమే రాసి పంపాలి. మీ జిల్లా కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు ఉద్యోగం భర్తీ అయిందా, లేకుంటే ఎన్నాళ్ళనుండి ఖాళీ అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో ఒక దరఖాస్తు పెట్టవచ్చును. వచ్చిన జవాబును మీ శాసనసభ్యునికి ఇవ్వవచ్చును. ఒక కుటుంబం అడిగితే దారి తప్పిన ఉత్తరమవుతుంది. సంఘం తరఫున నలభై ఇళ్ళవారు అడిగితే ఫైలు కదులుతుంది. తెలుగు వచ్చిన థెరపిస్టు, కాకుంటే తెలుగు చెప్పిపెట్టే మనిషైనా కావాలని కూడా అందులోనే రాయండి. కర్ణాటకలో పుట్టిన తెలుగు బిడ్డ కన్నడంలో పరీక్షకు కూర్చుంటే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. కన్నడంలో పాలను హాలు అంటారు. మన బిడ్డ బొమ్మలో గ్లాసు చూచి "పాలు" అంటాడు. ఎదుట కూర్చున్నవారికి తెలుగు రాకపోతే, హకారం పలకలేదని రాసుకోవచ్చును.

కనుక పరీక్షకు వెళ్ళే ముందు బిడ్డ పలికే మాటలన్నీ, ఏ భాషవైనా సరే, వచ్చీరాని ముక్కలతో సహా ఒక కాగితం మీద రాసి తీసుకొనిపోండి. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టమని అడగండి. అమ్మమ్మగారిని కూడా వెంట తీసుకొనిపోతే మంచిది. వాడు ఏమన్నాడో ఆవిడకే ఎక్కువ తెలుసు.