బరువు యంత్రం చెప్పని జాతకం

ఒక్కసారి ఈ పత్రిక పక్కన పెట్టి లేచి నిలబడండి. ఊపిరి బిగపట్టకుండా, పొట్ట లోపలికి లాక్కోకుండా, తల మాత్రం వంచి కిందికి చూడండి. మీ కాలివేళ్లు మీకు కనబడుతున్నాయా? కనబడితే సంతోషం. ఈ వ్యాసం ఇంట్లో మరెవరికైనా చదివి వినిపించండి. కనబడకపోతే మాత్రం కూర్చుని చివరిదాకా చదవండి.

నాకూ కనబడని రోజులున్నాయి. 2021లో నాకు 52 ఏళ్లు. ఒకరోజు లిఫ్టు పనిచేయక రెండో అంతస్తులోని వార్డుకు మెట్లెక్కి వెళ్లాను. మొదటి మంచం దగ్గరకు చేరేసరికి నోట మాట రాలేదు. ఆయాసంతో చేరిన ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం బాబూ, తమరికి కూడా నా జబ్బేనా?" అన్నాడు. నర్సులు నవ్వు ఆపుకున్నారు. నేనూ నవ్వేశాను. కాని మర్నాడు పొద్దున్నే పరగడుపున రక్తపరీక్ష చేయించుకున్నాను. చక్కెర 116 వచ్చింది. 100 లోపు ఉండాలి. 126కు చేరితే చక్కెర వ్యాధి. అంటే నేను ఆ జబ్బు గుమ్మంలో నిలబడి ఉన్నానన్నమాట. మా నాన్నగారు గుండెపోటుతో పోయేనాటికి ఆయనకు 57. ఇంకా ఎన్నేళ్లున్నాయని లెక్క వేసుకున్న ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోజూ వచ్చినవాళ్లందరికీ "ఒళ్లు తగ్గించండి" అని చెప్పేవాణ్ణి నేనే మరి!

కనుక ఈ వారం చెప్పేది పుస్తకంలో చదివింది మాత్రమే కాదు.

యంత్రమా? టేపా?

పూర్వం రైల్వే స్టేషన్లలో రంగు రంగుల దీపాలతో బరువు చూసే యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే టిక్కెట్టు వచ్చేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. బరువు కంటే జాతకమే అందరూ ముందు చదివేవారు. నిజానికి మీ జాతకం చెప్పగల సాధనం ఒకటి మీ ఇంట్లోనే ఉంది. అది దర్జీ టేపు.

ఇద్దరు మనుషులు ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్నారనుకోండి. ఒకరికి కండ ఉంది. రెండో వారికి కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, కొవ్వంతా పొట్టలో చేరింది. యంత్రానికి ఇద్దరూ ఒకటే. గుండెకు మాత్రం ఒకటి కాదు. చర్మం కింద ఉన్న కొవ్వు కంటే, పొట్ట లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు ఎక్కువ ప్రమాదకరం. అది ఇన్సులిన్ పని సాగనివ్వదు. చక్కెర పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తనాళాలు పూడుకుపోతాయి. మన దేశస్థులకు ఈ రకం పొట్ట త్వరగా వస్తుంది. అందుకే మన కొలతలు తెల్లవారి కొలతల కంటే తక్కువ.

టేపును కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. అంగుళాల్లో అయితే సుమారు 35న్నర, 31న్నర. ప్యాంటు సైజు చూసి చెప్పకండి. ప్యాంటు పొట్ట కిందికి జారినకొద్దీ సైజు మారదు, పొట్ట మాత్రం పెరుగుతూనే ఉంటుంది. టేపు లేకపోతే మీ ఎత్తుకు సరిపడా దారం తీసుకుని, దాన్ని సగానికి మడిచి నడుముకు చుట్టండి. కొసలు కలవకపోతే జాగ్రత్త పడవలసిన సమయం వచ్చినట్టే.

బరువు కూడా కావాలంటారా? 165 సెంటీమీటర్ల ఎత్తు, అంటే 5 అడుగుల 5 అంగుళాలు ఉన్నవారికి మన లెక్కలో 63 కిలోలు దాటితే అధిక బరువు, 68 దాటితే స్థూలకాయం.

నడుము కొలత మాట కొత్తదేమీ కాదు. 1950లలో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకు, పైకీ కిందికీ మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్ల కంటే గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. ఆ తర్వాత 1956లో వారి యూనిఫారాల సైజులు చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలతలే పెద్దవి! ఇప్పుడు మనలో ఎక్కువమందిమి స్టీరింగు లేని డ్రైవర్లమే. కుర్చీలో కూర్చునే ఉద్యోగం, కూర్చునే ప్రయాణం, కూర్చునే వినోదం.

"వయసొచ్చింది కదండీ!"

నలభై దాటాక ఒళ్లు రావడం సహజమని మీరనవచ్చు. 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో తేలినదేమిటంటే, శరీరం పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఇరవై ఏళ్ల నుంచి అరవై ఏళ్ల దాకా మన శరీరం ఖర్చు పెట్టే శక్తి దాదాపు ఒకేలా ఉంటుంది. తగ్గింది మన కదలిక. తగ్గుతున్నది మన కండ. తగ్గనిది మన విస్తరి.

ఆడవారి విషయంలో ఒక మాట ఉంది. బహిష్టులు ఆగే వయసులో కొవ్వు తొడల నుంచి పొట్టవైపు మళ్లుతుంది. అది మీ తప్పు కాదు. కాని ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలింది పారేయలేక తినేసే అలవాటు మాత్రం మానుకోవాలి. అమ్మ పొట్ట చద్దిగిన్నె కాదు.

తిండి లెక్క

మన భోజనం చూడండి. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి అన్నం, చివరికి పెరుగులోకి అన్నం. ఒకే పూట నాలుగుసార్లు అన్నం వడ్డించుకుంటాం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. అన్నం మానెయ్యమని నేను చెప్పను. మానమంటే నాలుగు రోజులు మాని అయిదో రోజు రెండింతలు తింటారు. చెయ్యవలసింది వరస మార్చడం. ఇన్నాళ్లూ అన్నం తినడానికి కూర కలుపుకున్నారు. ఇకనుంచి కూర తినడానికి అన్నం కలుపుకోండి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప వంటివి. మిగిలిన పావు అన్నం. రొట్టె అయినా, కొర్రలైనా, రాగి సంకటి అయినా అదే పావు. సంకటి అనగానే కొలత మరిచిపోతారు కొందరు.

కాఫీ సంగతి. రోజుకు మూడు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల చక్కెర. అంటే 30 గ్రాములు, 120 కాలరీలు. నెలకు 3,600. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కాలరీలు ఉంటాయి. కనుక చక్కెర మానేస్తే, మిగతా తిండి పెరగకపోతే, నెలకు దాదాపు అరకిలో కొవ్వుకు సరిపడా కాలరీలు మిగులుతాయి. మొదటి వారం చేదనిపిస్తుంది. మూడో వారానికి నాలుక సర్దుకుంటుంది.

నూనె గరిటెతో పోయకండి, చెంచాతో కొలిచి పోయండి. లీటరు నూనెలో 8,000కు పైగా కాలరీలున్నాయి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు చాలు. నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెడితే మీ వంటింటి గుట్టు తెలిసిపోతుంది.

ఇక ఉపవాసాలు. శనివారం రాత్రి అన్నం తినరు, ఎంతో నిష్ఠ! దాని బదులు నాలుగు పెసరట్లు, అందులో ఉప్మా. అది దేవుడికి సమ్మతమేమో గాని పొట్టకు కాదు. మరికొందరు పూర్తిగా పస్తులుంటారు. ఆకలితో మాడి తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తిండి మొదలుపెట్టగానే కొవ్వు ముందు తిరిగి వస్తుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు. ఆరు నెలల్లో 80 కిలోల మనిషి అయిదారు కిలోలు తగ్గితే చాలా పెద్ద మేలు. 2002లో అమెరికాలో మూడు వేల మందికి పైగా జరిపిన పరిశోధనలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో చక్కెర వ్యాధి రావడం 58 శాతం తగ్గింది.

కాళ్లకు పని

"నెల రోజులుగా నడుస్తున్నాను డాక్టరుగారూ, ఒక్క కిలో తగ్గలేదు" అని నిరాశపడేవారు ఎందరో. అరగంట చురుకైన నడకకు 70 కిలోల మనిషి ఖర్చు పెట్టేది సుమారు 130 కాలరీలు. సాయంత్రం రెండు మిర్చి బజ్జీలు తింటే ఆ లెక్క చెరిగిపోతుంది. బరువు తగ్గేది ముఖ్యంగా కంచం దగ్గరే.

అయితే నడక దండగా? కానే కాదు. 2006లో చెన్నై వైద్యులు ప్రచురించిన పరిశోధన ఉంది. చక్కెర వ్యాధి గుమ్మంలో ఉన్న 531 మందిని తీసుకుని, ఒక వర్గానికి మామూలు సలహా ఇచ్చి, మరో వర్గం చేత తిండిలో మితం, నడక పాటింపజేశారు. మూడేళ్లలో ఈ రెండో వర్గంలో వ్యాధి రావడం నాలుగో వంతుకు పైగా తగ్గింది. విచిత్రం ఏమిటంటే, వారి బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! యంత్రం ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. కనుక ముల్లు మీద అలిగి నడక మానకండి.

రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. వేగం ఎంతంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మొదటి వారం పది నిమిషాలతోనే మొదలుపెట్టండి. ఒకేసారి వీలు కాకపోతే మూడు పదులుగా విడగొట్టండి. భోజనం తర్వాత పది నిమిషాల నడక పెరిగే చక్కెరను అదుపు చేస్తుంది.

నడక ఒక్కటే చాలదు. నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని, చేతి ఆసరా లేకుండా లేవగలరా? లేవలేకపోతే తొడ కండరాలు కరుగుతున్నాయన్నమాట. వారానికి రెండు మూడు రోజులు కండకు పని చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆన్చి ముందుకు వంగి వెనక్కు నెట్టండి. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవండి. చిన్నప్పుడు మాస్టారు తీయించిన గుంజీలు శిక్ష అనుకున్నాం. మోకాళ్లు బాగున్నవారికి అవి ఇప్పుడు మందు.

"ఇంటిపని చాలదా?" అని ఇల్లాళ్లు అడుగుతారు. ఒళ్లు వేడెక్కి, ఊపిరి కాస్త వేగం అందుకునే పని అయితే చాలినంత లెక్కలోకి వస్తుంది. పొయ్యి దగ్గర నిలబడడం రాదు. ఇక్కడ మగవారికొక మనవి. పొద్దున కాఫీ మీరు కలిపితే ఆవిడకు అరగంట నడక దొరుకుతుంది. మీ నడుము ఆవిడ గరిటెలో ఉంది. ఆవిడ నడక మీ చేతిలో ఉంది.

ఇవి మరవకండి

నలభై దాటి, చాలాకాలంగా కదలకుండా ఉన్నవారు ముందు బి.పి., చక్కెర చూపించుకోండి. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. అది గ్యాసు అని మీరే తేల్చుకోకండి. చక్కెరకు మాత్రలో ఇన్సులినో వాడేవారు భోజనం మానకూడదు. తిండి తగ్గించేముందు మోతాదు గురించి అడగండి. ఏ ప్రయత్నం లేకుండా బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి. చక్కెర వ్యాధి, థైరాయిడ్, క్షయ వంటివి ఉన్నాయేమో చూపించుకోండి.

ఈమధ్య వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి పనిచేసే మందులే. అవసరమైనవారికి డాక్టరు రాస్తారు. పక్కింటివారు వాడారని మీరు వాడకండి. ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. కంచం, కాళ్లు మార్చుకోవలసిన పని ఎలాగూ తప్పదు. పొడులు, బెల్టులు, చెమట పట్టించే యంత్రాలు మాత్రం మీ జేబు బరువునే తగ్గిస్తాయి.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఏడాదిలో నా బరువు తగ్గింది నాలుగు కిలోలే. బంధువులెవరూ గుర్తుపట్టలేదు. నడుము మాత్రం 98 నుంచి 91కి దిగింది. పరగడుపు చక్కెర 97కు వచ్చింది. ఇంకా ఒక సెంటీమీటరు బాకీ ఉన్నాను. లిఫ్టు బాగయినా నేను మెట్ల మీదే వెళుతున్నాను. నాన్నగారు ఆగిపోయిన 57వ ఏడు దాటి ముందుకు నడవాలని నా కోరిక.

ఈ రోజే టేపు తీసి కొలిచి, ఆ అంకెను గోడమీది క్యాలెండరులో ఈ తేదీ పక్కన రాయండి. ఇంట్లో నలభై దాటిన అందరివీ రాయండి. నెలకొకసారి చూడండి, రోజూ వద్దు. మీ జాతకం మీ చేతులతో మీరే దిద్దుకోవచ్చు.

వచ్చే వారం: మోకాళ్ల నొప్పులున్నవారు నడవవచ్చా?