కొత్త వస్తువు ఎవరి కష్టం నుంచి పుట్టాలి?

"ఎం.బి.ఏ. చదివితే ఏం కొలువు వస్తుంది అన్నా?" అని మన హాస్టల్ తమ్ముళ్ళు సెలవుల్లో కలిసినప్పుడల్లా అడుగుతుంటారు. మా నాయన కూడా ఇదే అడుగుతాడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే కాబట్టి అడగడంలో తప్పు లేదు. నేను మార్కెటింగ్ ప్రధాన విషయంగా తీసుకున్నాను. మార్కెటింగ్ అంటే సంచి భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగి సబ్బులు అమ్మడమని మన వైపు చాలామంది అనుకుంటారు. అమ్మడం చివరికి వచ్చే పని. అంతకంటే ముందు ఏం తయారు చేయాలి, ఎవరి కోసం తయారు చేయాలి అనే ప్రశ్న ఉంటుంది. ఒక కొత్త వస్తువును ఆలోచన దగ్గర నుంచి అంగడి దాకా తీసుకురావడాన్ని న్యూ ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ అంటారు. ఈ పాఠం గురించి మన హాస్టల్ మిత్రులతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

ఫిలిప్ కాట్లర్ పుస్తకంలో దీనికి ఎనిమిది మెట్లున్నాయి. ఆలోచనలు పోగు చేయడం, వాటిని జల్లెడ పట్టడం, ఊహను జనం ముందు పెట్టి అభిప్రాయం అడగడం, అమ్మకం వ్యూహం, లాభనష్టాల లెక్క, వస్తువు తయారీ, కొద్దిచోట్ల అమ్మి చూడడం, ఆ తర్వాత పూర్తిగా మార్కెట్‌లోకి దించడం. వరుస తప్పకుండా రాస్తే పరీక్షలో మార్కులకు ఢోకా లేదు. కానీ నాకు మొదటి మెట్టు దగ్గరే పేచీ ఉంది. ఆలోచనలు వినియోగదారుల దగ్గర, ఉద్యోగుల దగ్గర, పోటీ కంపెనీల దగ్గర, ప్రయోగశాలల్లో దొరుకుతాయంటారు. వినియోగదారుడంటే డబ్బు పెట్టి కొనేవాడు. మరి కష్టం ఒకరిది, డబ్బు సంచి ఇంకొకరిది అయితే?

దీనికి మన తెలంగాణలోనే గొప్ప ఉదాహరణ ఉంది. చింతకింది మల్లేశం గారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆయన మీద 2019లో సినిమా కూడా వచ్చింది. అప్పటి నల్లగొండ జిల్లా, ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. నేత కుటుంబం. పోచంపల్లి రకం చీర నేయాలంటే నూలుకు రంగులద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన చీలల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. వాళ్ళ అమ్మ లక్ష్మి గారు రోజుకు రెండు చీరలకు మించి పోయలేకపోయేవారు. రాత్రికి భుజం, మోచెయ్యి నొప్పులు. నేత ఇళ్ళల్లో ఇది తరతరాలుగా ఆడవాళ్ళ పని.

ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఆ ఊరికి సర్వేకు వచ్చారనుకుందాం. "ఆసు పోయడానికి మీకు నెలకు ఎంత ఖర్చవుతుంది?" అని ఇంటి పెద్దను అడుగుతారు. "ఖర్చేముంది, ఇంట్ల ఆడోళ్ళే పోస్తరు" అని ఆయన జవాబిస్తాడు. కాగితం మీద సున్నా పడుతుంది. సున్నా ఖర్చయ్యే పనికి ఎవడైనా యంత్రం కొంటాడా? "మార్కెట్ లేదు" అని రాసుకొని జీపు ఎక్కి వెళ్ళిపోతారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. లెక్క కూడా తప్పు కాదు. కానీ ఆ సున్నా కింద ఒక తల్లి భుజం ఉంది. జీతం లేని పనిని ఖర్చుగా రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. అందుకే ఆ యంత్రం ఏ కంపెనీ నుంచీ రాలేదు, తల్లిని రోజూ చూసిన కొడుకు నుంచే వచ్చింది.

మల్లేశం గారు 1992లో మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. ఏడేండ్లు! కొయ్య చట్రంతో మొదలుపెట్టి ఒక్కొక్క కదలికను సాధించుకుంటూ పోయారు. డబ్బు సరిపోక, ఊళ్ళో మాటలు పడలేక మధ్యలో హైదరాబాద్ పోయి పనికి కుదిరారు. ఎంతకూ కుదరని చివరి కదలికకు కిటుకు అక్కడ పనిచేస్తుండగా ఒక యంత్రాన్ని చూసినప్పుడు దొరికింది. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. చీరకు గంటన్నరే పట్టింది. పల్లెసృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వంటి సంస్థలు తర్వాత అండగా నిలిచాయి. 2017లో పద్మశ్రీ వచ్చింది.

"ఆయన ఆరో తరగతితోనే బడి మానేసిండు కదా, మరి చదువెందుకు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఈ మాటతో నాకు చిరాకు. నాలుగు పుస్తకాలు, చిన్న వర్క్‌షాపు, చేతిలో కొంత డబ్బు అందుబాటులో ఉంటే ఏడేండ్లు పట్టేదా? ఆయన్ని పొగుడుతూనే ఆ ఏడేండ్లను కూడా గుర్తుపెట్టుకోవాలి.

దీని పక్కన ఇంకో కథ పెట్టి చూడండి. 2008 జనవరిలో టాటా వాళ్ళు నానో కారును చూపించారు. వానలో స్కూటర్ మీద పోయే కుటుంబాన్ని చూసి రతన్ టాటా గారికి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఆలోచన మంచిదే. ఇంజనీర్ల ప్రతిభకూ వంక పెట్టలేం. లక్ష రూపాయల కారని దేశమంతా మోగింది. అయినా అనుకున్నట్టు అమ్ముడుపోలేదు, 2018లో తయారీ ఆగింది. సింగూరు నుంచి ఫ్యాక్టరీ తరలిపోవడం, కొన్ని కార్లకు మంటలు అంటుకోవడం కూడా దెబ్బతీశాయి. కానీ "అన్నిటికంటే చౌక కారు" అనే ముద్ర నష్టం చేసిందని ఆ తర్వాత టాటా గారే అన్నారు. ఈ సంగతి మన హాస్టల్ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ప్రభుత్వం ఇచ్చిన పెట్టె ఎంత గట్టిదైనా, బస్సులో దాని మీది అక్షరాలు కనబడకుండా అటు తిప్పి పెట్టుకున్న రోజులు మనకు తెలియనివా? పేదవాడికి చౌక వస్తువు కావాలి గానీ, "నువ్వు పేదవాడివి" అని నలుగురికీ చెప్పే వస్తువు అక్కరలేదు. బయట నుంచి చూసినవాళ్ళకు స్కూటర్ మీద తడుస్తున్న కుటుంబం కనబడింది, ఆ కుటుంబం పరువు కనబడలేదు.

ఇక మన పెద్దకొడప్‌గల్ వైపు రండి. పత్తి ఏరేటప్పుడు ఎండిన కాయల మొనలు వేళ్ళకు గుచ్చుకుంటాయి. నడుముకు కట్టిన ఒడి నిండే కొద్దీ బరువు నడుం మీదే. ఆ వేళ్ళకు, ఆ నడుముకు సరిపడే వస్తువు గురించి మన ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగినవాళ్ళెవరు? మన జొన్న రొట్టె సంగతీ అంతే. జొన్నపిండిలో గోధుమపిండికుండే జిగురు ఉండదు. అందుకే మరిగే నీళ్ళు పోసి కలిపి, చేత్తో తట్టాలి. పిండి ఎక్కువ రోజులుంటే చేదెక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా పట్టించుకోవాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ వాళ్ళు జొన్న అటుకులు, రవ్వ, బిస్కెట్ల వంటివి తయారు చేసి 'ఈట్‌రైట్' పేరుతో తెచ్చారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన తాతలు పేదతిండి అని సిగ్గుపడిన జొన్న ఇప్పుడు పట్నంలో రంగుల ప్యాకెట్లలో కూర్చుంది. సంతోషమే. కానీ ఆ ప్యాకెట్లు కొనేవాళ్ళ కోసం పుట్టాయి. పొయ్యి ముందు కూర్చొని పది రొట్టెలు తట్టే అమ్మ చెయ్యి అట్లనే ఉంది.

చాలామంది ప్రాజెక్టు రిపోర్టు అంటే జిరాక్స్ సెంటర్‌లో దొరికే పాత కూల్‌డ్రింకుల సర్వేకు పేరు మార్చి బైండింగ్ చేయించడమే అనుకుంటున్నారు. డిగ్రీలో బి.కాం., బి.బి.ఏ. చదువుతున్న తమ్ముళ్ళు దయచేసి ఆ పని చేయకండి. మీ ఇంటి వెనకాల ఉన్న విషయం ఏ జిరాక్స్ సెంటర్‌లోనూ దొరకదు. మీ తోటి విద్యార్థి కారులో వచ్చి రెండు రోజులు తిరిగినా అతనికి అది అర్థం కాదు.

నేను ఈ ఏడు జొన్న రొట్టె మీదే ప్రాజెక్టు తీసుకున్నాను. మన మండలంలోని ఇళ్ళకు పోయి అడగడానికి ప్రశ్నలు తయారు చేసుకుంటున్నాను. "రొట్టెలు చేసే యంత్రం వస్తే ఎంత పెట్టి కొంటారు?" అనేది మొదటి ప్రశ్నగా ఉండాలని మా గైడ్ గారు అంటున్నారు. "ఈ పని మీ ఇంట్లో ఎవరు చేస్తారు, రోజుకు ఎంతసేపు?" అనేది మొదట ఉండాలని నేనంటున్నాను. ఆ ప్రశ్నకు జవాబును ఇంట్లో ఆమె నోటి నుంచే రాసుకోవాలని కూడా అడిగాను. ఇంకా తేలలేదు, వచ్చే వారం మళ్ళీ కూర్చుంటాం.