గోదావరి మొగలో అమెరికా పేరు!

అంతర్వేది తీర్థానికి వెళ్లినవాళ్లకు అక్కడి లైట్‌హౌస్ తెలిసే ఉంటుంది. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట అదుంటే, అటు గౌతమి కలిసే వైపున మరొకటుంది. పేరే చిత్రం... శాక్రమెంటో! కాలిఫోర్నియాలో ఓ నదికీ, ఊరికీ ఉన్న పేరు కోనసీమకెలా వచ్చినట్టు?

1867 జూన్ 19న అమెరికా నౌకాదళం వారి శాక్రమెంటో అనే ఆవిరి యుద్ధనౌక గోదావరి మొగ దగ్గర ఇసుకమేటకు తగులుకుని మరి కదల్లేదు. అదృష్టం... ఓడలోని వాళ్లంతా బతికి బయటపడ్డారు. కెప్టెన్ కొలిన్స్‌ను మాత్రం కొంతకాలం విధులకు దూరంగా ఉంచారు. అందులో మన గోదారమ్మ వాటా ఎంతో ఎవరూ లెక్కకట్టినట్టు లేదు!

కొండాగుట్టా లేని తీరం మనది. ఓడవాళ్లు గురుతు పెట్టుకోవడానికి ఏమీ కనబడదు. పైగా నది తెచ్చిపోసే ఒండ్రుతో మేటలు చోటు మారుతుంటాయి. కోనసీమకు పంట పెట్టిన ఒండ్రే ఓడలకు ఉచ్చు. ఆ మేటకు ఓడ పేరే స్థిరపడింది. లైట్‌హౌస్‌కూ అదే వచ్చింది.

దీపమొక్కటే చాలదు, ఏ దీపమో తెలియాలి. అందుకే ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన లెక్క ఉంటుంది. ఎన్ని సెకన్లకోసారి మెరుస్తోందో చూసి ఇది అంతర్వేది, అది శాక్రమెంటో అని పోల్చుకోవచ్చు. ఇప్పుడు జీపీఎస్ ఉందిగా అంటారా? నడిసంద్రంలో దాని బ్యాటరీ అయిపోతే మళ్లీ ఆ సెకన్లే లెక్కపెట్టుకోవాలి.