ఏడాది ఫీజు కట్టేముందు ఒక్కసారి...

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, ఆఫీసు పక్కన జిమ్ములో చేరుతున్నా. ఏసీ, స్టీమ్ బాత్, జ్యూస్ బార్ అన్నీ ఉన్నాయి. ఏడాదికి ఒకేసారి కడితే సగం రేటంట" అన్నాడు. ఆగరా బాబూ అన్నాను. ఆ సగం రేటుకి నేను మూడేళ్ళు బలయ్యాను. మూడేళ్ళూ కలిపి వెళ్ళింది యాభై రోజులుంటే గొప్ప!

చాన్నాళ్ళు నా బద్ధకాన్నే తిట్టుకున్నాను. అది నిజమే గానీ, ఆ వ్యాపారం నడిచేదే మన బద్ధకం మీద. సర్వర్లో ఉన్న మెమరీ కన్నా ఎక్కువ వర్చువల్ మెషీన్లకి పంచేస్తాం చూడండి, అందరూ ఒకేసారి వాడరులే అన్న ధీమాతో... ఇదీ అంతే. కట్టినవాళ్ళందరూ ఏ సోమవారమో సాయంత్రం ఏడింటికి దిగితే నిలబడ్డానికి చోటుండదు.

కాబట్టి నా మటుకు నాకు మంచి జిమ్మంటే, మనం రావాలని కోరుకునే జిమ్ము. కనిపెట్టడం ఎలాగంటారా?

ముందు 1.25 కిలోల ప్లేట్లున్నాయేమో చూడండి. నవ్వకండి! బలం పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. రాడ్డుకి అటొకటి ఇటొకటి వేస్తే పెరిగేది రెండున్నర కిలోలే. అవి లేకపోతే ఒకేసారి ఐదు కిలోలు ఎక్కాలి. 20 కిలోల ఖాళీ రాడ్డుని తల మీదకెత్తడం అప్పుడే నేర్చుకుంటున్నవాడికి ఐదంటే పావు వంతు! చిన్న ప్లేట్లు లేవంటే అక్కడ ఎవడో ఒకడు బాగుపడతాడన్న నమ్మకం ఓనరుకే లేదన్నమాట.

తర్వాత, స్క్వాట్ ర్యాకుకి అడ్డంగా సేఫ్టీ రాడ్లున్నాయా? లేవలేనప్పుడు బరువుని వాటి మీద దించేయొచ్చు. ట్రెడ్‌మిల్లులు వరసగా పెట్టి ర్యాకు ఒక్కటీ లేదంటే వెనక్కి వచ్చేయండి.

మూడోది, ట్రైనర్ చూపు ఎక్కడుందో గమనించండి. డెడ్‌లిఫ్ట్ చేస్తూ నాకు నడుం పట్టేసిన రోజు మా ట్రైనర్ రిసెప్షన్లో ఎవరికో పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ అమ్ముతున్నాడు. ఆయన్ననేం లాభం? టార్గెట్లు పెట్టి అమ్మమంటే ఎవరైనా అమ్ముతారు. మూడు వారాలు కుర్చీలో కూర్చోలేకపోయింది మాత్రం నేను.

మే నెల హైదరాబాదులో ఏసీ వద్దంటే మీరు నన్ను కొడతారు. ఉండనివ్వండి, కానీ దాన్ని చూసి డబ్బులు కట్టకండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చింది. అక్కడ జ్యూస్ బార్ ఉండేదని నేనైతే వినలేదు.

ఇప్పుడు నేను వెళ్ళేది సందులో ఓ సెల్లార్ జిమ్ము. నెలనెలా కడతాను. ఫ్యాన్లు తప్ప ఏమీ లేవు. ఒకరోజు మానేస్తే ఓనరు "నిన్న రాలేదేం?" అని అడుగుతాడు. పాత జిమ్ము వాళ్ళూ ఫోన్ చేసేవాళ్ళు లెండి, ఏడాదికోసారి... రెన్యువల్ కోసం!