పాత కీరవాణా? కొత్త కీరవాణా?

హీరోల అభిమానులు కొట్లాడుకోవడం మనకు కొత్త కాదు. ఎవరి కటౌట్ ఎత్తు, ఎవరి సినిమా ఎన్ని సెంటర్లలో వంద రోజులాడింది అనే పంచాయితీలు చూస్తూనే పెరిగాం. కానీ ఒకే సంగీత దర్శకుడి అభిమానులు రెండు పార్టీలై ఒకరి మీద ఒకరు కత్తులు నూరడం మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఒకసారి మా లింగంపేటకు దయచేయండి. కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే దారిలోనే దిగిపోవచ్చు. పాతకాలం మెట్ల బావి వున్న వూరు మాది. బావి చూసి, ఛాయ్ తాగి, ఈ తగాదా కూడా విని వెళ్ళొచ్చు.

తగాదా యం.యం. కీరవాణి గురించి. విచిత్రం ఏమిటంటే రెండు పార్టీలూ ఆయన అభిమానులే!

పెద్ద పార్టీ వాళ్ళు టేప్ రికార్డర్ కాలం మనుషులు. 'క్షణ క్షణం' (1991), 'సీతారామయ్యగారి మనవరాలు' (1991), 'ఆపద్బాంధవుడు' (1992), 'అల్లరి ప్రియుడు' (1993), 'పెళ్ళి సందడి' (1996), 'అన్నమయ్య' (1997)... క్యాసెట్టులో చుట్టుకుపోయిన టేపును పెన్సిలు పెట్టి తిప్పి మరీ విన్నవాళ్ళు. చిన్న పార్టీ వాళ్ళు 'మగధీర' (2009) వచ్చినప్పుడు నిక్కర్లతో బడికి వెళ్ళినవాళ్ళు. 'బాహుబలి'తో మీసాలు మొలిచినవాళ్ళు. వాళ్ళ సంగీతమంతా జేబులోని ఫోనులోనే.

"గప్పటి పాటలు ఇప్పుడేడున్నయ్ తమ్మీ? సినిమా చూసొస్తే పల్లవి నోట్లె ఉంటుండె. ఇప్పుడు చెవులల్ల డప్పు మోత మిగుల్తున్నది" అంటాడు పెద్ద పార్టీ నాయకుడు.

"నువ్వు క్యాసెట్ల కాడ్నే ఆగిపోయినవ్ కాకా! ఆస్కార్ ఏ క్యాసెట్టుకు వచ్చిందో జర చెప్పు" అంటాడు చిన్న పార్టీ కుర్రాడు.

సినిమా పేజీకి రాసేవాణ్ణి కనుక నన్ను మధ్యవర్తిని చేశారు. తీర్పు చెప్పే ముందు కొంచెం సాక్ష్యం చూద్దామన్నాను.

మొదటి సాక్ష్యం 'బంగారు కోడిపెట్ట'. 1992లో 'ఘరానా మొగుడు'లో చిరంజీవి ఆడిపాడిన పాట. బాలు, చిత్ర పాడారు. పదిహేడేళ్ళ తర్వాత 'మగధీర'లో రామ్‌చరణ్ కోసం అదే పాటను కీరవాణే మళ్ళీ చేశారు. కాసేపు చిరంజీవి కూడా తెర మీద మెరిశారు. వరస ఒకటే, సంగీత దర్శకుడు ఒక్కడే. మారింది శబ్దం. కొత్తదాంట్లో దెబ్బ బరువెక్కింది. అంతమాత్రాన మోత ఈమధ్య అంటుకున్న జబ్బు అనడానికి లేదు. 'ఘరానా మొగుడు' పాట కూడా ఆనాటి హాల్లో ఈలలు వేయించిందే కదా! నిన్న ఈలలు వేసిన కాకలే ఈవాళ చెవులు మూసుకుంటున్నారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1990లో 'మనసు మమత'తో సంగీత దర్శకుడు కాకముందు కీరవాణి పనిచేసింది చక్రవర్తి దగ్గర. 'వేటగాడు' (1979) చేసిన చక్రవర్తి! సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల పాటలతో పెరిగిన పెద్దలు ఆరోజుల్లో ఆయన మీద కూడా ఇదే ఫిర్యాదు చేశారు. "అంతా మోతే, పాటేదీ?" అన్నారు. అంటే మా పెద్ద పార్టీ మాట కొత్తది కాదు. తరం మారినప్పుడల్లా చేతులు మారుతూ వచ్చిన మాట.

చిన్న పార్టీ చప్పట్లు కొట్టబోయింది. ఆగండాగండి, మీ లెక్క కూడా వుంది.

ఆస్కార్ వచ్చింది కనుక కొత్త పాటే గొప్పదంటే అది వాదం కాదు, బల్ల గుద్దడం. 2023లో 'నాటు నాటు' గోల్డెన్ గ్లోబూ, ఆస్కారూ తెచ్చింది. మనందరం గర్వపడ్డాం. సరే. కానీ ఆ పాట అంతదూరం వెళ్ళడానికి కారణం ఒక్క డప్పు కాదు. తెల్లదొర భీమ్‌ను నీకు డాన్స్ ఏం వచ్చని ఎగతాళి చేస్తాడు. రామ్ డ్రమ్ము అందుకుంటాడు. చివరికి స్నేహితుడి కోసం కావాలని ఓడిపోతాడు. పాట మొదలయ్యేటప్పటికి వున్న కథ, అయిపోయేటప్పటికి వేరే చోట వుంటుంది. ఆ నడకను సంగీతం తెలిసినవాళ్ళు సిక్స్-ఎయిట్ అంటారు. మనకు ఆ పేరు తెలియకపోయినా కాళ్ళకు తెలుసు. బారాత్‌లో కొట్టే తీన్మార్‌కు అది దగ్గరి చుట్టం. ఇక మాటల సంగతి. తొంభై శాతం పాట ఒక్క పూటలోనే వచ్చిందనీ, మిగతా పది శాతానికి 1 సంవత్సరం 7 నెలలు పట్టిందనీ చంద్రబోస్ చెప్పారు. మీరు మోత అని మురిసిపోతున్నదాని వెనక అంత ఓపిక వుంది, తమ్ముళ్ళూ!

మరి అసలు మారిందేమిటి? నా లెక్కలో మారింది ఆయన చెయ్యి కాదు, పాటకు సినిమాలో దొరికే చోటు.

ఒక చిన్న రుజువు చెప్తాను. కీరవాణికి 'అన్నమయ్య'తో జాతీయ బహుమతి వచ్చింది. అది పాటల మీదే నడిచిన సినిమా. మళ్ళీ 2021 సంవత్సరానికి 'ఆర్.ఆర్.ఆర్.'తో వచ్చింది, దేనికి? నేపథ్య సంగీతానికి! ఆ ఏడు పాటల బహుమతి 'పుష్ప'కు దేవిశ్రీప్రసాద్ అందుకున్నారు. ఈ రెండు బహుమతుల మధ్యే కథంతా వుంది. అప్పట్లో పాట వస్తే కథ పక్కకు జరిగి కూర్చునేది. పల్లవి, మధ్యలో వయొలిన్లు, రెండు చరణాలు, అన్నీ తీరిగ్గా వినేవాళ్ళం. ఇప్పుడు కథ ఆగనంటుంది. సంగీతమే దాని వెనక పరిగెత్తాలి. ఆ పరుగులో బలం నేపథ్య సంగీతానికి పోయింది, తీరిక చరణానికి తగ్గింది.

ఇందులో నష్టం లేదని నేననను. బొమ్మ చూడకపోయినా నిలబడే పాట వేరు. పొలం దగ్గర మోటారు వేసి కూర్చున్నవాడూ, బీడీలు చుట్టుకునే అమ్మా, బస్సు కిటికీ పక్కన కూర్చున్న పిల్లా తమ కథకు తగిలించుకుని పాడుకునే పాట అది. 'క్షణ క్షణం'లో అడవిలో పాడే జోలపాట సినిమాలో భయపడ్డ అమ్మాయిని నిద్రపుచ్చింది. బయటికొచ్చి ఎన్ని ఇళ్ళలో పసిపిల్లల్ని నిద్రపుచ్చిందో! అలాంటివి తగ్గాయని పెద్ద పార్టీ బాధపడితే ఆ ఒక్క విషయంలో నా ఓటు వాళ్ళకే.

ఇంతలో ఎవరో 'కొమురం భీముడో' పెట్టారు. రాసింది సుద్దాల అశోక్‌తేజ. పాడిన కాలభైరవకు జాతీయ బహుమతి వచ్చింది. కొరడా దెబ్బలు తింటున్నవాడి నోట నిదానంగా, మన యాసలో, మన పల్లె గొంతులా సాగే పాట. అయిపోయేదాకా రెండు పార్టీలూ నోరెత్తలేదు. "ఇది పాత కీరవాణా, కొత్త కీరవాణా?" అని అడిగాను. ఎవరి దగ్గరా జవాబు లేదు. సినిమా చూస్తే 'నాటు నాటు' వున్న సినిమాయే!

తగాదా అక్కడితో ముగిసిందనుకున్నాను. లేదు. అసలు మంట రాష్ట్ర గీతం దగ్గర రాజుకుంది. అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ'కు కీరవాణి సంగీతం కట్టగా 2024 జూన్ 2న విడుదలయింది. తెలంగాణ పాటకు తెలంగాణ వాళ్ళే సంగీతం చెయ్యాలని ముందే అభ్యంతరాలు వచ్చాయి. తెలంగాణ సినీ మ్యుజీషియన్ల సంఘం ముఖ్యమంత్రికి లేఖ కూడా రాసింది. మా వూళ్ళో మాత్రం పార్టీలు తారుమారయ్యాయి. పాతదే బంగారం అనే కాక, "కొత్త వరస మంచిగనే ఉన్నది" అన్నాడు. కొత్తదే గొప్పనే కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు. "బళ్ళె ప్రార్థనల పాడిన వరస నాది, దాన్నెట్ల మారుస్తరు?" అన్నాడు.

చూశారా! తన నోట్లో నలిగిన వరస దగ్గరికి వచ్చేసరికి కుర్రాడే కాక అయిపోయాడు. సినిమా పాటైతే సంగీత దర్శకుడు తనకు తోచినట్టు మారవచ్చు. కొత్త సినిమాకు కొత్త వరస కట్టడం ఆయన పని. మన జ్ఞాపకాలకు కాపలా కాయడం ఆయన ఉద్యోగం కాదు. కానీ ఉద్యమంలో పదిమంది కలిసి పాడుకున్న పాట మీద ఆ పదిమందికీ హక్కుంటుంది. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో వేయకూడదు. నా తీర్పు ఇంతే.

మీ వూళ్ళో కూడా ఇలాంటి పార్టీలు వుండే వుంటాయి. కొట్లాడుకోండి, తప్పు లేదు. కాకపోతే "పాతదే పాట", "మాకు ఆస్కార్" అనే రెండు మాటలూ పక్కన పెట్టి కొట్లాడండి. ఈ ఆదివారం రెండు 'కోడిపెట్ట'లూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. రెండోదాంట్లో ఏం పెరిగిందో ఒకటి, ఏం పోయిందో ఒకటి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో వున్నవాడితోనే వాదన పెట్టుకోండి. మా కాక, కుర్రాడు ఇద్దరూ రాస్తామన్నారు. ఎవరి కాగితం ముందు వస్తుందో చూడాలి!