చదవడానికి 6,000 కోట్లు, ప్రచురించడానికి ఎంత?

కేంద్ర ప్రభుత్వ ‘ఒక దేశం - ఒక చందా’ పథకంపై వాదం మొదటినుంచీ ఒకే గాడిలో నడుస్తోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు చెల్లించి, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పరిశోధన పత్రికలను 6,300 ప్రభుత్వ సంస్థలకు తెప్పించడం గొప్ప మేలని సమర్థకులు అంటుంటే, అంత ధర పెట్టడం దండగని, బేరం సరిగా కుదరలేదని విమర్శకులు అంటున్నారు. చదివేవాడి ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే ఇరుపక్షాలూ ఆగిపోయాయి. చదివినవాడు తిరిగి రాస్తాడని, ఆ రాతను వేసుకునే పత్రిక ఈ దేశంలో ఉండాలని ఎవరికీ తట్టినట్టు లేదు. విద్వత్సంఘాలు, అంటే శాస్త్రవేత్తలే సభ్యులుగా ఏర్పడి లాభాపేక్ష లేకుండా నడిపే అకాడమీలు, వెలువరించే పత్రికలను ఎండబెట్టి చందాలకు మాత్రమే ఖజానా తెరవడం వెనకాముందూ చూడని విధానం.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంవత్సరం 1939. సి.వి. రామన్ 1934లో బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను నెలకొల్పి, ఆ ఏడాదే ‘ప్రొసీడింగ్స్’ పత్రికను మొదలుపెట్టారు. ఆ పత్రికకు ఐదేళ్లు నిండేసరికి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేస్తున్న సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాసిన పత్రం దాని తొమ్మిదో సంపుటంలో అచ్చయింది. ఒక స్ఫటికంలోని పరమాణువులు ఎన్ని విధాలుగా కంపించగలవో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో, ఏవి పరారుణ వర్ణపటంలో కనిపిస్తాయో, స్ఫటికపు సౌష్ఠవాన్ని ఆధారం చేసుకుని సమూహ సిద్ధాంతమనే గణితంతో ముందుగానే లెక్కగట్టే పద్ధతి అందులో ఉంది. ఎనిమిది దశాబ్దాలు దాటినా స్ఫటిక కంపనాలపై పనిచేసేవారు ఆ పత్రాన్ని ఉటంకిస్తూనే ఉన్నారు, ఆ పద్ధతిని ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తున్నారు.

ఆ 1939 నాటి పత్రాన్ని నేటి కొలబద్ద మీద పెట్టి చూడాలి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది, ఒక పత్రిక గడచిన రెండేళ్లలో వేసిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే సంఖ్య. ఈ లెక్కలో రెండేళ్లు దాటిన పత్రానికి విలువ సున్నా కాబట్టి, ఎనభై ఏళ్ల తర్వాత కూడా పనికొస్తున్న భగవంతం, వెంకటరాయుడుల పత్రం తనను అచ్చువేసిన పత్రికకు నేడు ఒక్క అంశ కూడా కలపదు. అదే అకాడమీ పత్రికలో ఎస్. పంచరత్నం 1956లో ధ్రువిత కాంతి కిరణాల వ్యతికరణంపై ప్రచురించిన పత్రం కూడా ఇలాంటిదే: మైకెల్ బెర్రీ 1984లో జ్యామితీయ దశ అనే భావనను ప్రతిపాదించాక, దాని తొలి రూపం పంచరత్నం రాతలో ఉందని 1986లో రామశేషన్, నిత్యానంద ‘కరెంట్ సైన్స్’ పత్రికలో చూపించారు. గుర్తింపు రావడానికి ముప్పై ఏళ్లు పట్టిన పనిని రెండేళ్ల కొలతతో తూచేవారు దేశీయ పత్రికలను ‘తక్కువ ప్రభావం’ గలవని తోసిపుచ్చడం, ఆ తీర్పు మీదే అధ్యాపకుల పదోన్నతులు ఆధారపడటం, చివరికి మంచి పత్రాలన్నీ విదేశాలకు తరలి దేశీయ పత్రికకు మిగిలింది మాత్రమే రావడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. మిగిలింది వేసుకునే పత్రిక నాణ్యత తగ్గిందని తర్వాత నిందించడం మరీ విడ్డూరం.

ఈ నష్టం ఎక్కడ తగులుతుందో తెలియాలంటే తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాన్ని చూడాలి. స్థానికులు కరిసల్ అని పిలిచే ఆ నల్లరేగడి నేలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా సేద్యం చేస్తున్నాయి. ఇడైసెవల్‌లో అలాంటి ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ ఆ నేల మనుషులనే తమిళ సాహిత్యంలోకి తెచ్చారు. కోవిల్‌పట్టిలో 1901 నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. వర్షాధార పత్తి, జొన్న రకాల పేర్లకు ముందు కనిపించే ‘కె’ అనే అక్షరం ఆ ఊరిదే. ఈశాన్య రుతుపవనం ఆలస్యమైన ఏట విత్తు ఎప్పుడు పడాలి, బీటలు వారే నేలలో తేమ ఎంత లోతున నిలుస్తుంది, దేశవాళీ పత్తి ఎంత బెట్టను ఓర్చుకుంటుంది అన్నవి అక్కడి ప్రశ్నలు. వాటి జవాబులు నంద్యాల రైతుకూ, ప్రకాశం జిల్లా రైతుకూ కావలసినవే గానీ, ఐరోపాలోని సంపాదకుడికి అవి ‘స్థానిక ఆసక్తి’ మాత్రమే. అలాంటి పనిని నిపుణులైన తోటి శాస్త్రవేత్తల చేత పరీక్షింపజేసి, అంటే సహచర సమీక్ష జరిపి, అచ్చువేయవలసింది జాతీయ విద్వత్సంఘాల పత్రికలే. వాటిలో ప్రచురిస్తే మార్కులు రావని తెలిశాక అక్కడి పరిశోధకుడు ప్రశ్ననే మార్చుకుంటాడు. పోయేది పత్రిక ఒక్కటే కాదు, కరిసల్ నేలపై అడగవలసిన ప్రశ్న కూడా పోతుంది.

పైగా చందా పథకం తొలి దశ ప్రభుత్వ నిర్వహణలోని సంస్థలకు పరిమితమైంది. ట్రస్టులు నడిపే ప్రైవేటు కళాశాలలు తర్వాతి దశ కోసం ఎదురుచూడాలి. విరుదునగర్‌ను ఆకాంక్షిత జిల్లాగా, అంటే ప్రత్యేక శ్రద్ధ అవసరమైన వెనుకబడిన జిల్లాగా, ప్రకటించింది కేంద్రమే. ఆ జిల్లాలోని ప్రైవేటు కళాశాల విద్యార్థి ఇండియన్ అకాడమీ పత్రికలను దాని వెబ్‌సైట్‌లో ఈ క్షణాన ఉచితంగా చదవగలడు, దానికి ఏ దశా అవసరం లేదు. అక్కడ రచయిత కట్టవలసిన రుసుమూ లేదు. ‘నేచర్’ పత్రిక ఒక వ్యాసాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడానికి 2021 నుంచి అమలుచేసిన రుసుము 9,500 యూరోలు.

దేశీయ పత్రికల్లో లోపాలు లేవని కాదు. సమీక్షలు నెలల తరబడి సాగుతాయి, కొన్ని సంఘాల సంచికలు వేళకు రావు. నకిలీ పత్రికల బెడద నిజమే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది, తర్వాత తెచ్చిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తివేసింది. అయితే ఈ లోపాలకు మందు జీతమిచ్చి నియమించే సంపాదక సిబ్బంది, మంచి సాఫ్ట్‌వేర్. అవి డబ్బుతో వచ్చేవే. ఏటా సగటున 2,000 కోట్ల చందాలో ఒక్క శాతం 20 కోట్లు అవుతుంది. ఆ ఒక్క శాతాన్ని విద్వత్సంఘాల పత్రికలకు పక్కన పెట్టాలన్న మాట పథకం ప్రకటనలో లేదు, దాన్ని తిట్టిపోసిన వ్యాసాల్లోనూ లేదు.

అసలు వింత మరొకటి ఉంది. మేఘనాథ్ సాహా చొరవతో 1930లో అలహాబాదులో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలను నేడు స్ప్రింగర్ సంస్థ ప్రచురించి చందాకు అమ్ముతోంది. రామన్ తన ఆవిష్కరణను 1928లో వివరంగా ప్రకటించిన, కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ వారి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’ పరిస్థితీ అదే. భారతీయ శాస్త్రవేత్తలు ప్రజాధనంతో పరిశోధించి, జీతం లేకుండా సమీక్షించి, సంపాదకత్వం వహించిన పత్రికను, ఆ ప్రజాధనంతోనే చందా కట్టి విదేశీ సంస్థ దగ్గర తిరిగి కొనుక్కోవడాన్ని విజ్ఞాన విప్లవమని చెప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవ వేదికల మీద రామన్ చిత్రపటానికి దండలు వేసే మంత్రులు, ఆ ఆవిష్కరణను మోసిన పత్రికకు తమ శాఖే ఎవరికి చందా కడుతోందో ఒకసారి దస్త్రం తెప్పించి చూడాలి. దేశానికంతటికీ క్యాలెండర్లు అచ్చువేసి పంపే శివకాశి విరుదునగర్ జిల్లాలోనే ఉంది. ముద్రణ ఈ దేశానికి చేతకాని విద్య కాదు.

ప్రస్తుత కేటాయింపు 2027తో ముగుస్తుంది. కొత్త ఒప్పందాలకు కూర్చునే అధికారుల ముందు 1939 నాటి ఆ తొమ్మిదో సంపుటాన్ని పెట్టి, రెండు షరతులు అడగాలి: భారతీయ అకాడమీల పత్రికలకు భారతీయ పాఠకుడు ఎక్కడా డబ్బు కట్టనక్కర్లేదన్నది మొదటిది, పదోన్నతి కమిటీలు పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను కాక పత్రాన్ని చదివి మార్కులు వేయాలన్నది రెండోది. మొదటి షరతుకు ప్రచురణ సంస్థలు అభ్యంతరం చెప్పవచ్చు. రెండో షరతుకు అభ్యంతరం చెప్పేది మాత్రం చదవడానికి బద్ధకించే కమిటీలే.