ప్రదక్షిణకు ముందు పది అడుగులు

2021 ఫిబ్రవరి 2వ తేదీన ఒక మానవహృదయము మెట్రో రైలులో నాగోలు నుండి జూబ్లీహిల్స్ వరకు 21 కిలోమీటర్లు, సుమారు అరగంటలో ప్రయాణించెను. బ్రెయిన్‌డెడ్ అయిన ఒక రైతు కుటుంబము చేసిన దానమది. ఆ మార్గము మన తార్నాక, మెట్టుగూడల మీదుగానే సాగును. లాలాగూడలో నేనర్చించు ఆలయమునను ఆ వార్త పలుదినములు వినవచ్చినది. అందరును ఆ అరగంటను కీర్తించిరి. తరువాతి మాసములను ఎవరును తలపలేదు.

ఆ మాసములు నాకు తెలియుట నా తొందరపాటు వలననే. గుండెమార్పిడి జరిగి ఇంకను ఆసుపత్రిలోనే యున్న ఒక భక్తుని చూడబోయి, "ఇల్లు చేరగానే నూటయెనిమిది ప్రదక్షిణలు చేయండి" అంటిని. ఆయన మెల్లగా నవ్వి, "అయ్యగారూ, ఈ వరండా చివరికి నడచుటయే నేటికి నా ప్రదక్షిణ" అనెను.

శస్త్రచికిత్సలో హృదయనాడులు తెగును. కావున కొత్త గుండె మెదడు ఆజ్ఞను నేరుగా వినదు. విశ్రాంతిలోనే వేగముగా కొట్టుకొనును. శ్రమ కలిగినప్పుడు రక్తములోని హార్మోనుల ద్వారా ఆలస్యముగా వేగము పెంచుకొనును. అందుచేతనే ఫిజియోథెరపిస్టు మెల్లగా ఆరంభించి మెల్లగానే ముగించును: మొదట మంచముపై కూర్చుండుట, దీర్ఘశ్వాస, పిదప కొన్ని అడుగులు. కోసిన రొమ్ము ఎముక అతుకుటకు రెండు మూడు మాసములు పట్టును. దేహము పరహృదయమును తిరస్కరింపకుండ యావజ్జీవము ఔషధములు సేవింపవలెను. అవి రోగనిరోధకశక్తిని తగ్గించును.

కనుక అర్చకునిగా నా మాట ఇది. అట్టివారిని సాష్టాంగమునకు, ఉత్సవజనసమ్మర్దమునకు పిలువరాదు. తీర్థము పుచ్చుకొనలేదని నొచ్చుకొనరాదు. ఏకాదశి పేరిట మాత్ర మానుమనరాదు. పంపరపనస వంటి ఫలము ఔషధబలమును మార్చగలదు. ప్రసాదమైనను వైద్యుని అడిగియే స్వీకరింపవలెను. వేళకు మందు వేసికొనుటయే వారికి నిత్యానుష్ఠానము. దానిని భంగపరచు భక్తి భక్తి కాదు.

ఆయన మరొకటి అడిగెను: "పరుని గుండె నాలో కొట్టుకొనుచున్నది. ఇక నా భక్తి ఎవరిది?" ఛాందోగ్యోపనిషత్తులోని దహరవిద్య చెప్పు హృదయాకాశము ఈ మాంసపిండము కాదు, దేహము జీర్ణించినను అది జీర్ణింపదు. భక్తి ఆయనదే. స్పందనము మాత్రము ఋణము. దానిని జాగ్రత్తగా కాపాడుకొనుటయే ఆ ఋణము తీర్చు మార్గము.

ప్రదక్షిణలకు స్వామి తొందరపడడు, మనమేల తొందరపెట్టవలెను?